మండలం అంటే గుండ్రమేనా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

(“మండలం” అనే మాట లెక్కల పుస్తకంలోనూ పూజామందిరంలోనూ తహసీల్దారు కార్యాలయం బోర్డు మీదా కనిపిస్తుంది. ఈ సంచికలో ఆ మాట మీద, దాని చుట్టాల మీద వచ్చిన ప్రశ్నలు తీసుకున్నాం.)

ప్రశ్న: మండలం అంటే వృత్తం అని నిఘంటువులో చూశాను. మరి నవగ్రహ పూజలో చంద్రుడికి “చతురస్రాకార మండలే” అని చదువుతారు. నలుచదరంగా ఉండే వృత్తం ఎక్కడైనా ఉంటుందా?

జవాబు: ఉండదు. అక్కడ మండలం అంటే వృత్తం కాదు, ఒక దేవతకు కేటాయించి గీసి ఇచ్చిన స్థలం. మాటకు మొదటి అర్థం గుండ్రమే. సూర్యబింబాన్ని సూర్యమండలం అన్నా, యజ్ఞవేదికలను తాడుతో కొలిచే పద్ధతి చెప్పే పాత గ్రంథాలైన శుల్బ సూత్రాల్లో జ్యామితి వృత్తాన్ని మండలం అన్నా ఆ అర్థంలోనే. గీత గీసి మూసిన చోటు కాబట్టి, దాని ఆకారం ఏదైనా అదే పేరు నిలిచింది. మూడు కోణాలున్నా, అయిదున్నా మండలమే.

నవగ్రహ పూజలో తొమ్మిది ఆకారాలూ వరుసగా చెబుతారు. సూర్యుడికి వర్తులం, చంద్రుడికి చతురస్రం, కుజుడికి త్రికోణం, బుధుడికి బాణం, గురువుకు దీర్ఘచతురస్రం, శుక్రుడికి పంచకోణం, శనికి ధనుస్సు, రాహువుకు శూర్పం అంటే చేట, కేతువుకు ధ్వజం. “వర్తులాకార మండలే” అని సూర్యుడి దగ్గర విడిగా చెప్పాల్సి వచ్చిందంటేనే, ఆ మంత్రం కూర్చినవాళ్ల చెవికి “మండలం” ఒక్కటీ గుండ్రాన్ని చెప్పడం మానేసిందని అర్థం.

శని మండలాన్ని కాస్త నిలిచి చూడండి. విల్లు వంపుకు సంస్కృతంలో చాపం, నారికి జ్యా. మన తెలుగు లెక్కల పుస్తకాల్లో వృత్తం ముక్కను చాపం అంటాం, దాని రెండు కొనలను కలిపే సరళరేఖను జ్యా అంటాం. శనికి గీసేది అచ్చంగా ఆ రెండే.

ప్రశ్న: ఆ తొమ్మిది మండలాలనూ ఇంట్లో పీట మీద సరిగ్గా గీయాలంటే ఎలా? పంచకోణం ఎప్పుడూ వంకరగా వస్తోంది.

జవాబు: ముందు గళ్లు, తర్వాత దిక్కులు, ఆఖరున ఆకారాలు. ఈ వరుస తప్పితే ఏదో ఒకటి చెరిపి మళ్లీ గీయాల్సి వస్తుంది.

పీట మీద తెల్లగుడ్డ పరిచి 72 సెంటీమీటర్ల చదరం గీయండి. దాన్ని 24 సెంటీమీటర్ల చొప్పున మూడు అడ్డం, మూడు నిలువు భాగాలు చేస్తే తొమ్మిది గళ్లు వస్తాయి. గీసిన చదరం నిజంగా చదరమేనా అన్నది మూల నుంచి ఎదుటి మూలకు పట్టిన రెండు తాళ్లు చెబుతాయి. రెండు కర్ణాలూ ఒకే పొడుగు ఉండాలి, సుమారు 101.8 సెంటీమీటర్లు. భుజాలు నాలుగూ సమానమై కర్ణాలు తేడాగా ఉంటే చదరం పక్కకు ఒరిగిందన్నమాట.

దిక్కుల దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. పటాల్లో పైభాగం ఉత్తరం కనుక పీట మీద కూడా పైవరుస ఉత్తరం అనుకుంటారు. మీరు తూర్పుకు తిరిగి కూర్చుంటే మీకు దూరంగా ఉన్న వరుస తూర్పు, ఎడమచెయ్యి ఉత్తరం, కుడిచెయ్యి దక్షిణం. ఆ లెక్కన దూరపు వరుసలో ఎడమ నుంచి బుధుడు, శుక్రుడు, చంద్రుడు. మధ్య వరుసలో గురువు, నడుమ సూర్యుడు, కుడివైపు కుజుడు. మీ దగ్గరి వరుసలో ఎడమ నుంచి కేతువు, శని, రాహువు. ధాన్యాలు కూడా ఈ వరుసలోనే పోస్తే తికమక ఉండదు. పెసలు, బొబ్బర్లు, బియ్యం. శనగలు, గోధుమలు, కందులు. ఉలవలు, నువ్వులు, మినుములు.

ఇక పంచకోణం. కంటి అంచనాతో అయిదు చుక్కలు పెడితే చివరి భుజం ఎప్పుడూ పొట్టిదో పొడుగుదో అవుతుంది, ఎందుకంటే ప్రతి చుక్కలో పడ్డ చిన్న తేడా అంతా చివరి భుజం మీదే పడుతుంది. ఇలా చేయండి:

శుక్రుడి గడి మధ్యలో 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. కేంద్రం గుండా ఒక నిలువు గీత, ఒక అడ్డగీత గీయండి. నిలువు గీత వృత్తాన్ని పైన తాకిన చోటు మొదటి మూల. అడ్డగీత మీద కేంద్రానికి కుడివైపు 5 సెంటీమీటర్ల దగ్గర చుక్క పెట్టి, దారాన్ని అక్కడ నొక్కి పట్టి, మొదటి మూల దాకా సాగదీయండి. ఆ పొడుగుతోనే దారాన్ని అడ్డగీత ఎడమభాగం మీదికి తిప్పి, అది తాకిన చోట ఇంకో చుక్క పెట్టండి. ఈ రెండో చుక్క నుంచి మొదటి మూలకు ఉన్న దూరమే పంచకోణ భుజం. 11.8 సెంటీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. ఆ దూరాన్ని వృత్తం మీద వరుసగా కొలుచుకుంటూ పోండి. ఆఖరి గుర్తు మొదటి మూల మీదికే రావాలి. రెండు మూడు మిల్లీమీటర్లు తప్పితే దారం సాగిందని అర్థం. నైలాన్ దారం మానేసి మైనం రాసిన నూలుదారం వాడండి.

ధాన్యం రాశిగా పోసేటప్పుడు గీత లోపలివైపు వేలెడు జాగా వదిలి మధ్య నుంచి పోయండి. అంచు నుంచి మొదలుపెడితే గింజలు గీత దాటి దొర్లి, త్రికోణం, పంచకోణం రెండూ గుండ్రమైపోతాయి.

ప్రశ్న: యజ్ఞవేదికల్లో చతురస్రాన్ని అంతే వైశాల్యమున్న మండలంగా మార్చేవారట. తాడు, మేకులతో అది సాధ్యమా? ఎంత ఖచ్చితం?

జవాబు: సాధ్యమే, ఖచ్చితత్వం కూడా లెక్కకట్టి చెప్పొచ్చు. ఈ ప్రశ్న పంపినవారికి ప్రత్యేక కృతజ్ఞతలు, ఎందుకంటే మండలం అన్న మాటలో జ్యామితి, మతం విడదీయలేనంతగా కలిసిన చోటు ఇదే.

గృహస్థు ఆరాధించే మూడు అగ్నుల్లో గార్హపత్యం గుండ్రం, ఆహవనీయం చతురస్రం, దక్షిణాగ్ని అర్ధవృత్తం. మూడింటి వైశాల్యం సమానంగా ఉండాలి. ఈ నియమం వల్లే చతురస్రాన్ని వృత్తం చేయాల్సిన అవసరం పుట్టింది. బౌధాయన శుల్బ సూత్రం “చతురశ్రం మండలం చికీర్షన్” అని మొదలుపెట్టి పద్ధతి చెబుతుంది. చతురస్రాన్ని మండలం చేయదలచినవాడు ఏం చేయాలంటే:

చతురస్రం మధ్యలో మేకు పాతాలి. అక్కడి నుంచి ఒక మూలకు తాడు పట్టాలి. అది అర్ధకర్ణం. ఆ తాడును తూర్పువైపుకు తిప్పితే తూర్పు భుజాన్ని దాటి కొంత బయటికి వస్తుంది. అలా మిగిలిన ముక్కలో మూడో వంతు మాత్రం ఉంచుకుని, సగం భుజానికి కలిపి, ఆ పొడుగుతో వృత్తం గీయాలి.

అరత్ని అంటే 24 అంగుళాల భుజం తీసుకుందాం. (ఇది శాస్త్రం చెప్పే అంగుళం, సుమారు 1.9 సెంటీమీటర్లు. టేపు మీది అంగుళంతో కలిపేస్తే కొలతలన్నీ మూడో వంతు పెరుగుతాయి.) సగం భుజం 12. అర్ధకర్ణం 16.97. బయటికి వచ్చిన ముక్క 4.97, అందులో మూడో వంతు 1.66. వ్యాసార్ధం 13.66 అంగుళాలు. చతురస్రం వైశాల్యం 576 చదరపు అంగుళాలు కాగా ఈ వృత్తానిది సుమారు 586. నూటికి 1.7 వంతు ఎక్కువ.

అసలు ఉండాల్సిన వ్యాసార్ధం 13.54. తేడా 0.12 అంగుళం. బౌధాయనుడి కొలతల్లో 34 నువ్వులు పక్కపక్కన పేరిస్తే ఒక అంగుళం. అంటే తేడా నాలుగు నువ్వుల మందం, రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. వేదిక కొలిచే తాడు మందం అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఈ పద్ధతిని “తప్పు” అని తోసేసేవాళ్లు ఈ సంగతి పట్టించుకోవాలి. ఇటుక, మట్టి, తాడు ఉన్న చోట ఇది పనికి సరిపోయే కొలత.

దక్షిణాగ్నికి అర్ధవృత్తం కావాలి. అర్ధవృత్తమే అంత వైశాల్యం ఉండాలంటే పూర్తి వృత్తం రెట్టింపు ఉండాలి. కాబట్టి ముందు రెట్టింపు చతురస్రం చేసి, దాన్ని మండలం చేసి, సగానికి కోయాలి. రెట్టింపు చతురస్రానికి భుజం మొదటి చతురస్రం కర్ణమే. దానికి ద్వికరణి అని పేరు. కర్ణాన్ని అంకెల్లో కూడా ఇచ్చారు. భుజానికి దానిలో మూడో వంతు కలిపి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలిపి, ఆ నాలుగో వంతులో 34వ వంతు తీసేయాలి. 24 అంగుళాలకు వేసి చూడండి: 24, 8, 2, మొత్తం 34. తీసేయాల్సింది 2లో 34వ వంతు, అంటే అంగుళంలో 17వ వంతు, సరిగ్గా రెండు నువ్వులు. “34 అంగుళాలకు రెండు నువ్వులు తక్కువ” అన్న ఈ కొలత అసలు కర్ణానికి లక్ష వంతుల్లో అర వంతు కూడా తేడా లేదు.

వృత్తాన్ని తిరిగి చతురస్రం చేయడానికి సులువైన సూత్రం ఒకటుంది. వ్యాసాన్ని 15 భాగాలు చేసి రెండు తీసేస్తే మిగిలిన 13 భాగాలు భుజం. ఇది స్థూలమని సూత్రమే చెబుతుంది, “అనిత్యా” అన్న మాటతో. దీనివల్ల చతురస్రం వైశాల్యం నూటికి నాలుగు పైగా తగ్గుతుంది. కాబట్టి ఒకసారి మండలం చేసి, దాన్ని 13/15తో మళ్లీ చతురస్రం చేస్తే మొదటి చతురస్రం తిరిగి రాదు. విద్యార్థులతో చేయించే ఉపాధ్యాయులు ఈ తేడా చేతి పొరపాటు అనుకుని పిల్లల్ని కోప్పడకండి.

ప్రశ్న: అన్నిటికీ ముందు తూర్పు ఎలా పట్టుకునేవారు? దిక్సూచి లేదు కదా.

జవాబు: శంకువు నీడతో. చదునైన నేల మీద శంకువు అనే కొయ్యమేకును నిట్టనిలువుగా పాతి, దాని ఎత్తుకు సమానమైన తాడుతో చుట్టూ మండలం గీయాలి. పొద్దున నీడ పొడుగ్గా ఉండి, కొన గీతకు బయట ఉంటుంది. అది తగ్గుతూ గీతను తాకిన చోట ఒక గుర్తు. మధ్యాహ్నం దాటాక మళ్లీ పెరుగుతూ తాకిన చోట రెండో గుర్తు. రెండు గుర్తులనూ కలిపే గీత తూర్పు పడమరలు. కాత్యాయన శుల్బ సూత్రం చెప్పే పద్ధతి ఇది.

తాడు పొడుగు శంకువు ఎత్తుకు సమానం అనడంలో ఒక సౌలభ్యం ఉంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నీడ శంకువంతే ఉంటుంది. తెలుగు నేల మీద నడిశీతాకాలంలో కూడా మధ్యాహ్నం సూర్యుడు 45 డిగ్రీలు దాటుతాడు. కాబట్టి ఏడాది పొడవునా నీడ కొన గీత లోపలికి వస్తుంది. ఢిల్లీ అంత ఉత్తరాన చలికాలంలో నీడ గీతను తాకనే తాకదు. అక్కడ ఇంకా పెద్ద వృత్తం కావాలి.

చెడేది ఎక్కడంటే శంకువు ఒరగడం. గుండు కట్టిన దారంతో రెండు పక్కల నుంచి సరిచూడండి. నేల వాలు రెండో శత్రువు. రసమట్టం లేకపోతే పళ్లెంలో నీళ్లు పోసి అంచులు చూడండి. మూడోది నీడ కొన మసక. సూర్యుడు చుక్క కాదు, బింబం. అందుకే కొన దగ్గర చీకటి క్రమంగా పలుచనవుతుంది. పొద్దున మసక మధ్యను గుర్తు పెడితే సాయంత్రం కూడా మధ్యనే పెట్టాలి. పగటి పూటే సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో కాస్త జరుగుతాడు కాబట్టి మార్చి, సెప్టెంబరు నెలల్లో అతి సూక్ష్మమైన తేడా ఉంటుంది. జూన్, డిసెంబరు మూడో వారాల్లో అది దాదాపు ఉండదు.

ప్రశ్న: ఋగ్వేదంలో మండలాలు ఎన్ని? వాటికి గుండ్రంతో సంబంధం ఏమిటి?

జవాబు: 10 మండలాలు. సూక్తాలు 1028, అనుబంధంగా లెక్కించే వాలఖిల్య సూక్తాలు 11 మినహాయిస్తే 1017. ఇక్కడ మండలం అంటే ఒక చుట్టు, ఒకచోట చేర్చిన సముదాయం. రెండు నుంచి ఏడు దాకా ఒక్కో ఋషి వంశానిది: గృత్సమదుడు, విశ్వామిత్రుడు, వామదేవుడు, అత్రి, భరద్వాజుడు, వసిష్ఠుడు. తొమ్మిదోది వంశాన్ని బట్టి కాక దేవతను బట్టి కూర్చింది. 114 సూక్తాలూ సోమపవమానానివి, అంటే వడకట్టే సోమరసాన్ని స్తుతించేవి. ఒకటో, పదో మండలాల్లో సరిగ్గా చెరి 191 సూక్తాలున్నాయి.

ఇదే వేదానికి 8 అష్టకాలు, 64 అధ్యాయాలు అనే ఇంకో విభజన ఉంది. అది అధ్యయనం సౌకర్యం కోసం పరిమాణాన్ని బట్టి చేసింది. పుస్తకంలో “10.90” అని ఉంటే పదో మండలం, తొంభయ్యో సూక్తం, అంటే పురుషసూక్తం. అష్టక క్రమంలో అచ్చైన ప్రతిలో ఆ అంకెలతో వెతికితే దొరకదు. ముందు పీఠిక చూసి ఏ క్రమమో తేల్చుకోండి.

ప్రశ్న: మండల దీక్ష 40 రోజులా, 41 రోజులా, 48 రోజులా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

జవాబు: మూడూ వాడుకలో ఉన్నాయి, మీరు ఏ సంప్రదాయంలో ఉన్నారన్నదే తేల్చుకోవాలి. మందు “ఒక మండలం వాడండి” అని మన వైద్యులు అంటే 40 రోజులు. అయ్యప్ప దీక్ష 41. బెజవాడ భవానీ దీక్షలో, శ్రీశైలం శివదీక్షలో కూడా మండలం 41 రోజులే, అర్ధమండలం 21. తమిళనాట కుంభాభిషేకం తర్వాత చేసే మండలాభిషేకం 48 రోజులు. 27 నక్షత్రాలు, 12 రాశులు, 9 గ్రహాలు కలిపితే 48 అని దానికి వివరణ చెబుతారు.

41లో సగం ఇరవైన్నర కదా, 21 ఎలా అని కొందరు అడుగుతుంటారు. రోజును సగం చేయలేం కాబట్టి పైకి సరిచేశారు.

లెక్క తప్పేది మొదటి రోజు దగ్గర. మాల వేసుకున్న రోజే ఒకటో రోజు. శబరిమలలో మండలకాలం మలయాళ నెలల లెక్కన వృశ్చికం 1న మొదలై ధనుస్సు 11న మండలపూజతో ముగుస్తుంది. నవంబరు 17న మొదలైందనుకోండి. ఆ నెలలో 17 నుంచి 30 దాకా 14 రోజులు, డిసెంబరులో 27, మొత్తం 41. తేదీల్లోంచి తేదీలు తీసేసి లెక్కపెడితే 40 వస్తుంది, “ఒకరోజు తక్కువైంది” అని కంగారుపడి 28న ముగిస్తారు. తీసివేత రోజుల మధ్య దూరాన్ని చెబుతుంది, రోజుల సంఖ్యను కాదు. దానికి ఒకటి కలపాలి. 40 నిండు రోజులు గడిచి 41వ రోజు పూర్తి చేయడం అని కొందరు పెద్దలు రెండు అంకెలనూ కలిపి చెబుతారు. ఆచరణలో అది చక్కగా కుదురుతుంది.

ప్రశ్న: రెవెన్యూ మండలానికి ఆ పేరు ఎందుకు పెట్టారు?

జవాబు: పాత మాటను మళ్లీ తెచ్చారు. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను చిన్న ముక్కలు చేసి మండలాలు ఏర్పరచింది. అంతకు చాలా శతాబ్దాల ముందే ఏలుబడిలోని ప్రాంతాన్ని మండలం అనేవారు. చోళమండలం అన్న పేరు నుంచే విదేశీయుల నోట కోరమాండల్ వచ్చింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజమండలం అంటే నేల కాదు, 12 మంది రాజుల వలయం. గెలవదలచిన రాజు నడుమ, ముందు అయిదుగురు, వెనక నలుగురు, మధ్యముడు, ఉదాసీనుడు. సరిహద్దు పంచుకున్నవాడు శత్రువు, అతని అవతలివాడు మిత్రుడు అన్న వలయాల లెక్క అది.

ప్రశ్న: బౌద్ధుల మండలం మన పూజామండలం లాంటిదేనా?

జవాబు: దగ్గరి చుట్టమే, వాడకం వేరు. టిబెట్ సంప్రదాయంలో మండలం ఒక దివ్యభవనానికి గీసిన పటం. బయట వలయాలు, లోపల నాలుగు ద్వారాల చదరం, నడుమ ప్రధాన దేవత. కాలచక్ర మండలంలో 722 దేవతలు. ధ్యానించేవాడు ఆ భవనంలోకి మనసులో అడుగుపెడతాడు. రంగు ఇసుకతో వేసేటప్పుడు ముందు సుద్ద దారంతో గీతలన్నీ కొట్టి, మధ్య నుంచి బయటికి నింపుకుంటూ వస్తారు. అలా అయితే పూర్తయిన భాగం మీద చెయ్యి ఆనదు. సన్నని లోహపు గొట్టాన్ని ఇంకో కడ్డీతో రాపిడి చేస్తే ఇసుక పలుచని ధారగా జారుతుంది. క్రతువు ముగిశాక ఇసుకంతా ఊడ్చి నీటిలో కలుపుతారు.

మనకు ఇది దూరపు సంగతి కాదు. బుద్ధుడు కాలచక్రం అనే తంత్రాన్ని ఉపదేశించింది ధాన్యకటకంలోనని టిబెట్ వారి విశ్వాసం. ధాన్యకటకం అంటే మన అమరావతి ప్రాంతమే. దలైలామా 2006 జనవరిలో కాలచక్ర క్రతువు జరిపింది అక్కడే.

మన వైపు వ్రతాల్లో వేసే సర్వతోభద్ర మండలం కూడా చదరమే. అడ్డం 19, నిలువు 19 గీతలు గీస్తే 324 గళ్లు. 18 గళ్లు కావాలంటే గీతలు 19 ఉండాలన్నది మరిచిపోయి 18 గీసేవాళ్లు మధ్య పద్మం దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది పడతారు. 17 గళ్లలో నాలుగు గళ్ల వెడల్పున్న పద్మం సరిగ్గా నడుమకు రాదు.

ప్రశ్న: అచ్చతెలుగులో ఇలా రెండు అర్థాలున్న మాట ఏదైనా ఉందా?

జవాబు: గుడి! దేవాలయం ఒక అర్థం. సూర్యచంద్రుల చుట్టూ కట్టే వలయం ఇంకో అర్థం. దాన్నే వరదగుడి అనీ అంటారు. “చంద్రుడికి గుడి కట్టింది” అన్నప్పుడు గోపురం ఎవరికీ తోచదు. అక్షరాల్లోనూ ఉంది. క మీద గుండ్రంగా చుట్టే గుర్తు గుడి, ‘కి’. దాన్ని సాగదీస్తే గుడిదీర్ఘం, ‘కీ’.

ఆకాశంలో గుడి ఎత్తైన పలుచని మబ్బుల్లోని మంచు స్ఫటికాల వల్ల ఏర్పడుతుంది. ఆరు పలకల స్ఫటికం గుండా వెలుగు వంగి వచ్చే కోణం 22 డిగ్రీలు కాబట్టి వలయం ఎప్పుడూ అంతే పెద్దదిగా కనిపిస్తుంది. చెయ్యి బారజాపి బొటనవేలు చంద్రుడి మీద పెట్టి జాన చాపితే చిటికెనవేలు దాదాపు వలయం మీదికి వస్తుంది. చంద్రుణ్ని అంటుకుని ఉండే చిన్న రంగుల వలయం వేరు, అది నీటి బిందువుల వల్ల వచ్చేది. రెండింటినీ ఒకటిగా తీసుకుంటే వాన అంచనా తప్పుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి లెక్కల పుస్తకంలో “పరిధి” ఉంది. హోమం చేయించే పురోహితులు కూడా “పరిధులు తెండి” అన్నారు. రెండూ ఒకటేనా?

జవాబు: మాట ఒకటే. పరిధి అంటే చుట్టూ ఉంచినది. వృత్తానికి అది చుట్టుగీత. హోమంలో పరిధులు అగ్ని చుట్టూ పెట్టే మూడు సమిధలు. సాధారణంగా మోదుగువి తెస్తారు. పడమర ఒకటి, దక్షిణం ఒకటి, ఉత్తరం ఒకటి. తూర్పున పెట్టరు, ఆ దిక్కును ఉదయించే సూర్యుడే కాస్తాడని చెబుతారు. పైన చెప్పిన సర్వతోభద్రంలో కూడా నడిమి పద్మం ఉండే 16 గళ్లను చుట్టిన 20 పసుపు గళ్ల వరుసకు పరిధి అనే పేరు. నాలుగు గళ్ల చదరం చుట్టూ ఒక వరుస వేస్తే ఆరు గళ్ల చదరం అవుతుంది కనుక 36లోంచి 16 పోగా 20. మీ అబ్బాయికి ఈ లెక్క ఇచ్చి చూడండి. చుట్టూ ఇంకో వరుస వేస్తే ఎన్ని గళ్లు అవుతాయో అడగండి, 28 అని రావాలి.